డేటాబేస్‌నే అడుగుదాం

రిలీజ్ అయిన రాత్రి ఏ టీమ్‌లోనైనా వినబడే ప్రశ్న: "మైగ్రేషన్ రన్ అయిందా?" "అయ్యే ఉంటుంది, పైప్‌లైన్ గ్రీన్‌గానే ఉంది" అంటారెవరో. ఆ జవాబుతో నాకు పేచీ. పైప్‌లైన్ ఏ డేటాబేస్‌లో పని ముగించిందో, ఇప్పుడు నడుస్తున్న అప్లికేషన్ అదే డేటాబేస్‌ను చూస్తోందో లేదో ఆ పచ్చరంగు చెప్పదు. చెప్పగలిగింది అప్లికేషనే.

స్ప్రింగ్ బూట్ వాడేవాళ్లకు ఇది సులువు. దాని యాక్చువేటర్‌లో, మైగ్రేషన్లను అంటే డేటాబేస్‌ను మార్చే స్క్రిప్టులను నడిపే ఫ్లైవేకి, లిక్విబేస్‌కి చెరో ఎండ్‌పాయింట్ ఉంది. ఫ్లైవే తాను నడిపిన ప్రతి స్క్రిప్టునూ ఒక టేబుల్లో రాసిపెడుతుంది: వెర్షన్, చెక్‌సమ్, ఏ యూజర్ నడిపారు, ఎప్పుడు, ఎంతసేపు పట్టింది, సఫలమైందా లేదా. ఎండ్‌పాయింట్ ఆ చిట్టాను అప్లికేషన్‌లోని ఫైళ్లతో సరిచూసి చూపిస్తుంది. ఫైలుండి చిట్టాలో లేకపోతే పెండింగ్. చిట్టాలో ఉన్న వెర్షన్ మన ఫైళ్లన్నిటికంటే కొత్తదైతే ఫ్యూచర్, అంటే మనం పాత కోడ్‌తో నడుస్తున్నామన్నమాట.

చదవడంలోనూ మెలకువ కావాలి. పోస్ట్‌గ్రెస్‌లో స్క్రిప్టు మధ్యలో తెగితే మామూలుగా చేసినదంతా వెనక్కి పోతుంది, చిట్టాలో వరుసే మిగలదు. కనిపించేది పెండింగే. మైఎస్‌క్యూఎల్‌లో ఆల్టర్ టేబుల్ ఎప్పటికప్పుడు కమిట్ అయిపోతుంది కాబట్టి సగం మార్పు, ఫెయిల్డ్ అన్న ముద్ర రెండూ మిగులుతాయి. లిక్విబేస్ ఎండ్‌పాయింట్ అయితే జరిగిపోయిన మార్పులనే చూపిస్తుంది. జరగనివి మనమే లెక్కగట్టుకోవాలి.

మైగ్రేషన్లు వేరే జాబ్‌తో నడిపే చోట కొందరు అప్లికేషన్‌లో ఫ్లైవేను పూర్తిగా ఆపేస్తారు. దాంతో ఎండ్‌పాయింటూ పోతుంది. దానికి బదులు ఏమీ చేయని మైగ్రేషన్ స్ట్రాటజీ బీన్ ఒకటి రాసిపెడితే చాలు: మార్పులు చేయదు, స్థితి మాత్రం చెబుతుంది.

ఈ ఎండ్‌పాయింట్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉండకూడదు. టేబుళ్ల గుట్టు స్క్రిప్టు పేర్లలోనే ఉంటుంది, పైగా డేటాబేస్ యూజర్ పేరు కూడా బయటపడుతుంది. 2018లో వచ్చిన 2.0 నుంచి స్ప్రింగ్ బూట్ దీన్ని మనం కోరితే తప్ప వెబ్‌లో పెట్టదు. కోరినప్పుడు లాగిన్ వెనకే పెట్టాలి.

చివరగా, నేను గట్టిగా వద్దనేది ఒకటుంది. పెండింగ్ కనబడగానే హెల్త్ చెక్ ఎర్రబడాలని కొందరు ఉత్సాహపడతారు. దాన్ని లైవ్‌నెస్ ప్రోబ్‌కు తగిలిస్తే కుబర్నెటీస్ కంటైనర్‌ను మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేస్తూనే ఉంటుంది. వేరే జాబ్ నడపాల్సిన స్క్రిప్టు రీస్టార్ట్‌తో నడవదు. అప్పటిదాకా బాగానే నడుస్తున్న సర్వీసు కాస్తా పడిపోతుంది. పెండింగ్ కనిపిస్తే డ్యూటీలో ఉన్న మనిషికి అలర్ట్ వెళ్లాలి. ఆ స్క్రిప్టు ఇప్పుడు నడపాలా, ట్రాఫిక్ తగ్గేదాకా ఆగాలా అన్నది తేల్చాల్సింది ఆ మనిషే.