గంటకి అడ్డుపడ్డ కాగితం ముక్క

మైకేల్ క్రైటన్ నవల "ఆండ్రోమెడా స్ట్రెయిన్" 1969లో అచ్చయింది. అప్పటికి ఆయన హార్వర్డ్‌లో వైద్యవిద్య పూర్తి చేస్తున్న కుర్రవాడు. మారుపేర్లతో అంతకు ముందే కొన్ని నవలలు రాసినా, సొంత పేరుతో వచ్చిన మొదటి నవల ఇదే. అంతరిక్షం నించి ఉపగ్రహంతో పాటు దిగివచ్చిన ఒక సూక్ష్మజీవి అరిజోనాలోని చిన్న ఊరిని దాదాపుగా తుడిచిపెడుతుంది. దాని గుట్టు కనుక్కోడానికి నలుగురు శాస్త్రజ్ఞులు నెవాడాలో భూమి లోపల అయిదంతస్తుల ప్రయోగశాలలో కుస్తీ పడతారు. అయిదు రోజుల కథ. ఒక్క రాత్రిలో చదివెయ్యొచ్చు. చదివేక పక్కన పడెయ్యొచ్చు కూడా. చాలామంది అదే చేస్తారు. నాకు మాత్రం ఇందులో కథ కన్నా, కథని మన చేత నమ్మించడానికి రచయిత వాడిన సరంజామా మీదే ఎక్కువ ఆసక్తి. ఆ సరంజామా మంచికీ పనికొస్తుంది, చెడుకీ పనికొస్తుంది. ఈ ఒక్క రచయిత జీవితంలోనే రెండూ జరిగాయి.

పుస్తకం తెరవగానే కృతజ్ఞతలు. ఈ సంక్షోభంలో పాల్గొన్నవాళ్ళు తమ రికార్డులు చూపించినందుకు రచయిత వాళ్ళకి ధన్యవాదాలు చెప్పుకుంటాడు. సంక్షోభమే కల్పితం కనక ఆ ధన్యవాదాలూ కల్పితమే. తరవాత ప్రభుత్వపు రహస్య పత్రాలు, కంప్యూటర్ అచ్చుకొట్టిన కాగితాలు, పటాలు, పట్టికలు. ప్రయోగశాలని అణుబాంబుతో పేల్చెయ్యాలా వద్దా అన్న నిర్ణయం పెళ్ళికాని మగవాడి చేతిలోనే ఉండాలని ఒక సిద్ధాంతం ఉంటుంది. దానికి దశాంశ స్థానాలతో సహా ఒక పట్టిక! పెళ్ళయినవాడి కన్నా బ్రహ్మచారి బుర్ర బాగా పనిచేస్తుందని మూడు దశాంశాల దాకా ఎవరు కొలిచారని మనకి తోచదు. చివర్లో గ్రంథసూచిక. అసలువీ నకిలీవీ కలిపిన పత్రాల జాబితా అది. ఏది ఏదో తేల్చుకోవాలంటే గ్రంథాలయంలో కూర్చోవలసిందే.

ఈ పద్ధతి వెనక ఒక సంపాదకుడి చెయ్యి కూడా ఉంది. క్నాఫ్ సంస్థలో ఈ పుస్తకాన్ని చూసిన రాబర్ట్ గాట్‌లీబ్ ఆ సంగతి 1994లో "పారిస్ రివ్యూ" ముఖాముఖిలో చెప్పాడు. పాత్రలకి వ్యక్తిత్వాలు తెచ్చిపెట్టడానికి రచయిత పడే పాట్లు చూసి, అవి ఎలాగూ కుదరడం లేదు కనక పాత్రపోషణ మానేసి మొత్తాన్ని ఒక డాక్యుమెంటరీలాగా నడపమన్నాడట. ఎంత మంచి సలహా! ఈ నవలలో స్టోన్, లెవిట్, బర్టన్, హాల్ అనే నలుగురినీ గుర్తు పెట్టుకోవడం కష్టం. వాళ్ళ భార్యలెవరో, భయాలేమిటో మనకి పట్టవు. నివేదికలో మనుషులు అలాగే ఉంటారు కదా అని సరిపెట్టుకుంటాం. లోపాన్ని లక్షణంగా మార్చుకున్న నవల ఇది.

సరే, నివేదిక ముసుగు తీసి లోపలి శాస్త్రాన్ని చూద్దాం. ఊళ్ళో నలభై ఎనిమిది మందిలో ఇద్దరే బతుకుతారు. ఒకడు అరవై తొమ్మిదేళ్ళ ముసలాయన. కడుపులో పుండు, దాని నొప్పికి గుప్పెళ్ళతో ఆస్పిరిన్ మింగుతాడు. పైగా పొయ్యికి వాడే స్టెర్నో అనే ఇంధనాన్ని వడకట్టి తాగుతాడు. రెండోది ఏడుపు మానని రెండు నెలల పసిబిడ్డ. ఈ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? మిగతా వాళ్ళ రక్తం ఒంట్లోనే గడ్డకట్టి పొడి అయిపోతే వీళ్ళది ఎందుకు కాలేదు? పుస్తకంలో నిజంగా ఉత్కంఠ కలిగించేది ఈ చిక్కుముడే. ముసలాయన రక్తంలో ఆమ్లం పెరిగింది. ఏడ్చి ఏడ్చి, గబగబా ఊపిరి తీసి, బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి, బిడ్డ రక్తంలో క్షారగుణం పెరిగింది. ఆ జీవి పెరిగేది పీహెచ్ 7.39కీ 7.42కీ మధ్య మాత్రమే. ఒకడు ఆ గీతకి కింద పడ్డాడు, ఒకరు పైన పడ్డారు. రెండు విరుద్ధమైన రోగాలు ఒకే రక్షణ ఇచ్చాయన్న ఊహ వైద్యవిద్యార్థికి తప్ప ఇంకొకరికి తట్టేది కాదు.

కాని నిదానంగా లెక్క చూస్తే ఈ ముడి వదులుగానే ఉంది. ఆరోగ్యవంతుడి ధమనుల్లో రక్తం పీహెచ్ 7.35 నించి 7.45 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 7.37 ఉన్నవాడూ 7.44 ఉన్నవాడూ ఏ జబ్బూ లేకుండా రోడ్డు మీద తిరిగేవాళ్ళే. సిరల్లో రక్తం ఇంకాస్త ఆమ్లం వైపే ఉంటుంది. అలాంటప్పుడు ఆ ఊళ్ళో ముసలాయనా బిడ్డా కాక, నిక్షేపంగా ఉన్నవాళ్ళు మరికొందరు కూడా బతకాలి. బతికితే కథ లేదు. ఆస్పిరిన్ సంగతీ అంతే. అది ఎక్కువైతే పెద్దవాళ్ళలో ముందు ఊపిరి వేగం పెరిగి రక్తం క్షారం వైపు మొగ్గుతుంది, ఆమ్లం పెరగడం ఆ తరవాత. ముసలాయన్ని ఆమ్లం వైపు నెట్టే పని నిజానికి స్టెర్నోలోని మిథనాల్ చేస్తుంది. ఇవేవీ చదివేటప్పుడు గుర్తుకి రావు. రెండు దశాంశాల దాకా అంకె ఇచ్చేసరికి మనం తలొంచుతాం.

ముగింపు మీద అందరికీ ఉన్న ఫిర్యాదు నాకూ ఉంది. శాస్త్రజ్ఞులు రహస్యం కనుక్కునే లోపలే ఆ జీవి తనంతట తాను మారిపోయి, మనుషుల్ని చంపడం మానేసి, రబ్బరునీ ప్లాస్టిక్‌నీ తినడం మొదలెడుతుంది. మార్పు ఒక జీవిలో వచ్చి, దాని సంతతి పెరిగి, మిగతా వాటిని తోసిరాజంటుంది; లోకంలో జరిగేది అది. ఇక్కడేమో ఒక్కసారిగా అన్నీ కట్టగట్టుకుని మారతాయి. అది చాలదన్నట్టు ఆఖర్న హాల్ బాణాలు తప్పించుకుంటూ, గొట్టం లాంటి దారిలో నిచ్చెనెక్కుతూ, బాంబుని ఆపడానికి పరిగెడతాడు. అంతదాకా నివేదిక రాసిన చెయ్యి ఇక్కడ సినిమాకి పనికొచ్చే పేజీలు రాసింది. సినిమావాళ్ళు తీశారు కూడా. "సౌండ్ ఆఫ్ మ్యూజిక్" తీసిన రాబర్ట్ వైజే 1971లో దీన్ని తీసి, లెవిట్‌ని ఆడమనిషిగా మార్చాడు. కేట్ రీడ్ వేసిన ఆ కొరకరాని డాక్టరే సినిమాలో గుర్తుండే ఒక్క మనిషి. 2008లో టీవీకి తీసినదాని గురించి చెప్పక్కర్లేదు.

ఇన్ని లోపాలున్న పుస్తకాన్ని మంచి పుస్తకం అని ఎందుకంటున్నానంటే, అందులో ఒక కాగితం ముక్క ఉంది కనక.

ఆ ఊరి మీద అణుబాంబు వెయ్యమని శాస్త్రజ్ఞులు కోరతారు. వేసేశారనే అనుకుంటారు. నిజానికి అధ్యక్షుడు ఆ నిర్ణయాన్ని వాయిదా వేశాడు. ఆ కబురు టెలిటైపులో వచ్చింది. కబురొస్తే గంట మోగాలి. మోగలేదు. కాగితపు చుట్ట అంచు నించి చీరుకుపోయిన ఒక చిన్న పేలిక గంటకీ దాన్ని కొట్టే సుత్తికీ మధ్య ఇరుక్కుంది. అంతే. కోట్ల డాలర్ల ప్రయోగశాల, చర్మపు పై పొరని కూడా కాల్చేసే శుద్ధి ఏర్పాట్లు, ఆ రోజుల్లో ఉన్న అతి గొప్ప కంప్యూటర్లు, అన్నీ ఉండి గంటల తరబడి ఒక కాగితం పేలిక వల్ల చెవిటివైపోయాయి. మిగతా పొరపాట్లూ ఈ రకానివే. శవపరీక్ష చేసే బర్టన్ చచ్చిన జంతువుల మెదడు చూడడం మరిచిపోతాడు. తనకి మూర్ఛరోగం ఉందని దాచిపెట్టిన లెవిట్, మిణుకుమిణుకుమనే దీపం ముందు స్పృహ తప్పి, అసలు కావలసిన ఫలితాన్నే వదిలేస్తాడు. ఇంతకన్నా విచిత్రం, ఆ బాంబు వేసి ఉంటే శక్తినే తిండిగా తినే ఆ జీవికి విందు భోజనం పెట్టినట్టయ్యేది. తెలివైనవాళ్ళ సలహాని ఒక రాజకీయ నాయకుడు వెనకాముందూ ఆడి పాటించకపోవడం వల్ల లోకం బతికింది.

ఇదంతా కథకుడి కల్పన అని తోసెయ్యడానికి లేదు. నవల వచ్చిన ఏడాదే, జులై నెలలో, చంద్రుడి నించి వచ్చిన అపొలో 11 వ్యోమగాముల్ని 21 రోజుల క్వారంటైన్‌లో పెట్టారు. హ్యూస్టన్‌లో దీని కోసమే ఒక ప్రయోగశాల కట్టారు. నిబంధనలన్నీ నవల్లోలాగే పకడ్బందీగా ఉన్నాయి. కాని ముగ్గురినీ బయటికి తియ్యడానికి నౌక తలుపుని నడిసముద్రంలోనే తెరిచారు. లోపల నిజంగా ఏదైనా ఉండి ఉంటే ఆ క్షణాన పసిఫిక్ మహాసముద్రంలో కలిసేది. 2004 సెప్టెంబరులో సూర్యుడి నించి వచ్చే కణాల్ని పట్టుకొచ్చిన జెనెసిస్ అనే గుళిక, గొడుగు విచ్చుకోక యూటా ఎడారిలో నేలకి గుద్దుకుంది. వేగం తగ్గడాన్ని పసిగట్టవలసిన చిన్న మీటల్ని డిజైనులోనే తలకిందులుగా పెట్టారని తేలింది. ఆ వార్త చదువుతూంటే నాకు టెలిటైపు గంటే గుర్తొచ్చింది.

అంచేత ఈ నవల్లో నివేదిక రూపం ఒక మాట చెబుతుంది, లోపలి విషయం ఇంకో మాట చెబుతుంది. రూపం "మమ్మల్ని నమ్మండి" అంటుంది. విషయం "వీళ్ళని నమ్మితే ఏమవుతుందో చూడండి" అంటుంది. ఈ రెండింటి మధ్య కీచులాటలోనే పుస్తకం బతికి ఉంది.

ముప్ఫై అయిదేళ్ళ తరవాత, 2004లో, అదే రచయిత "స్టేట్ ఆఫ్ ఫియర్" రాశాడు. భూమి వేడెక్కుతోందన్న భయాన్ని కావాలని ఊదరగొడుతున్నారన్నది దాని వాదం. ఈసారి అధోజ్ఞాపికలు నకిలీవి కావు. అవి అసలైనవేనని మొదటి పేజీల్లోనే హామీ ఇచ్చాడు. చివర ఒక పెద్ద గ్రంథసూచిక, ఒక రచయిత సందేశం. 2005 సెప్టెంబరులో అమెరికా సెనేట్ కమిటీ ఆయన్ని పిలిపించి సాక్ష్యం విన్నది, పిలిచింది నవలాకారుణ్ణి! అంటార్కిటికాలో కొంత భాగం చల్లబడిందని 2002లో పరిశోధన పత్రం రాసిన పీటర్ డోరన్, ఈ నవల తన పనిని తను చెప్పని మాటకి రుజువుగా వాడుకుందని 2006లో "న్యూయార్క్ టైమ్స్"లో మొత్తుకోవలసి వచ్చింది. 1969లో దొంగ కాగితాలతో అనుమానించడం నేర్పిన మనిషి, 2004లో అసలు కాగితాలతో అనుమానాన్నే ఒక పిడివాదంగా మార్చాడు. ఆ నవల్లో కాగితం పేలిక ఎక్కడా ఇరుక్కోదు. రచయిత పక్షాన మాట్లాడేవాడు ఒక్కసారైనా తప్పులో కాలెయ్యడు. ఎదుటివాళ్ళందరూ మూర్ఖులు. నాకు ఈ రెండు పుస్తకాల మధ్య తేడా ఇక్కడే కనిపిస్తుంది, అధోజ్ఞాపికల నిజానిజాల్లో కాదు.

మన సాహిత్యంలో ఈ తగువు కొత్తది కాదు. యండమూరి "తులసిదళం" వైద్యాన్నీ క్షుద్రవిద్యనీ పక్కపక్కన కూర్చోబెట్టినప్పుడు, రంగనాయకమ్మ గారు దాన్ని ఎండగడుతూ ఒక పుస్తకమే రాశారు. శాస్త్రం పేరు చెప్పేసరికి పాఠకుడి కాపలా సడలిపోతుందన్న బెంగ అప్పటిదే.

క్రైటన్ ఉపగ్రహానికి పెట్టిన పేరు "స్కూప్". పై వాతావరణంలోకి వెళ్ళి సూక్ష్మజీవుల్ని తోడుకురావడం దాని పని, ఉద్దేశం జీవాయుధాలు. అలా తోడే పని, ఏ ఆయుధాల ఊసూ లేకుండా, హైదరాబాదు నించి నిజంగానే జరిగింది. అక్కడి టాటా సంస్థ బెలూన్ కేంద్రం నించి 2001లోనూ 2005లోనూ పెద్ద బెలూన్లు పైకి వదిలారు. 2005 ఏప్రిల్‌లో వెళ్ళిన బెలూన్, 20 నించి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని శుద్ధిచేసిన గొట్టాల్లో పట్టుకొచ్చింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., పుణేలోని జీవకణ కేంద్రం విడివిడిగా పరీక్షించాయి. అంతకు ముందు ఎవరికీ తెలియని మూడు రకాల బాక్టీరియా దొరికాయి. అతినీలలోహిత కిరణాలకి వాటి తట్టుకునే శక్తి కూడా ఎక్కువే.

వీటితో క్రైటన్ ఏం చేసి ఉండేవాడో ఊహించుకోవచ్చు. 2009 మార్చిలో ఇస్రో చెప్పినదాంట్లో మాత్రం ఉత్కంఠ లేదు. ఇవి భూమి బయట నించి వచ్చాయని దీనితో నిర్ధారణ కాదు, ఇంకా పరిశీలించాలి, అంతే. మూడింటిలో ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభటుడి పేరు పెట్టారు. మూడోదానికి ఫ్రెడ్ హోయ్ల్ పేరు పెట్టి జానిబాక్టర్ హోయ్‌లై అన్నారు. జీవం అంతరిక్షం నించే వచ్చిందని చివరిదాకా వాదించిన హోయ్ల్, మొదటి బెలూన్ ఎగిరిన 2001లోనే పోయాడు. తన పేరు పెట్టుకున్న జీవి తన వాదానికి సాక్ష్యం చెప్పలేదన్న సంగతి ఆయన వినలేదు.