మనము దాటిపోవు గ్రంథములు



ఏ విశ్వాసి ఇంటనైనను పాత బైబిలు నొకదానిని చేతికి తీసికొని దాని పుటలను చూడుడి. కీర్తనలును యోహాను సువార్తయు ఉన్నచోట పుటలు నలిగి, చేతిచెమటకు మాసి, మూలలు మడిగియుండును. యిర్మీయా గ్రంథమునకును యెహెజ్కేలు గ్రంథమునకును నడుమనున్న కొద్ది పుటలు మాత్రము అచ్చుకూటమునుండి వచ్చిననాటివలెనే తెల్లగా నుండును. అవి విలాపవాక్యములు. నా బైబిలు సంగతియు బహుకాలము అంతే.

చదువరులు కొన్ని జాతుల గ్రంథములను ముట్టరు. వంశావళులను విసుగని విడుతురు; పద్యమును కష్టమని విడుతురు. అయితే విసుగువలన గాక భయమువలన మనము దాటిపోవు జాతి యొకటి కలదు. అది విలాపము, దేవుని యెదుట ఏడ్చి, ఎందుకని ఆయననే యడుగు రచన. దానిని విడిచిపెట్టి మన సంఘములు ఏమి పోగొట్టుకొనుచున్నవో చెప్పగోరుచున్నాను.

కొన్ని ఏండ్ల క్రిందట నేను కాపరిగానున్న పల్లెలో, వానకాలమున, పొలమునకు పోయిన పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడు పాముకాటువలన చనిపోయెను. తల్లికి అతడొక్కడే కుమారుడు. ఆదరణ కూటములో మేము పునరుత్థానపు పాటలు పాడితిమి. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడరాదని నేను బోధించితిని. కూటము ముగిసి అందరు లేచుచుండగా ఆమె నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగెను: "అయ్యగారండీ, నేను ఏడిస్తే దేవుడికి కోపం వస్తుందా అండీ?"

నేను ఏమియు చెప్పలేకపోతిని. పౌలు థెస్సలొనీకయులకు వ్రాసినది దుఃఖపడవద్దని కాదు. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని. ఆ రెంటికి నడుమనున్న భేదమును నేను ఆమెకు చూపలేదు. లాజరు సమాధియొద్ద ప్రభువే కన్నీరు విడిచెనని యెరిగియు, ఆ తల్లి కన్నీటికి చోటియ్యలేదు. ఇంటికి వచ్చి, నేను దాటిపోయిన ఆ తెల్లని పుటలను తెరచితిని.

మనము వీటిని ఎందుకు చదువము? మొదటిది, ఏడ్పు అవిశ్వాసమని మన తలంపు. రెండవది, పాత భయము. గరుడ పురాణమును చావు జరిగిన ఇంటనేగాని చదువరాదని మన యిరుగుపొరుగువారిలో అనేకులు ఎంచుదురు. ఆ తలంపు మన ఇండ్లలోనికిని వచ్చినది. సాయంకాల కుటుంబ ప్రార్థనలో విలాపవాక్యములు తీసినయెడల, "మంచి మాట చదవండి" అని పెద్దలు అందురు. మూడవది, వాగ్దానపు వచనమునకు మనము అలవాటుపడితిమి. గోడమీది క్యాలెండరునందును, ఉదయమున ఫోనులో వచ్చు సందేశమునందును ఒక్క వచనము మాత్రమే యుండును. విలాపవాక్యములు 3వ అధ్యాయము 22, 23 వచనములు ఎరుగని క్రైస్తవుడు అరుదు. ప్రతి ఉదయము నూతనమగు వాత్సల్యమును గూర్చిన ఆ మాటలు ఎట్టి బూడిదలో కూర్చున్నవాని నోట వచ్చెనో యెరిగినవాడు అంతకన్న అరుదు.

ఇప్పుడు ఆ గ్రంథమును కొంచెము పరిశీలింతము. క్రీస్తుకు పూర్వము 587వ సంవత్సర ప్రాంతమున బబులోనువారు యెరూషలేమును కూల్చి, దేవాలయమును కాల్చివేసిరి. ఆ శిథిలముల మధ్యనుండి పుట్టినవి ఈ 5 గీతములు. హెబ్రీ భాషలో గ్రంథపు మొదటి మాట 'ఏఖా'. అయ్యో, ఇది ఎట్లాయెను అని దాని భావము. హెబ్రీ అక్షరములు 22. మొదటి నాలుగు గీతములను కవి అక్షరక్రమమున కట్టెను. మనము అ, ఆ, ఇ, ఈ అని వరుసగా పాదములు ఎత్తుకొనినట్లు. మూడవ గీతములో ఒక్కొక్క అక్షరమునకు మూడేసి వచనములు, వెరసి 66. అయిదవదానికి 22 వచనములున్నను అక్షరక్రమము లేదు.

ఇది పాండిత్యము చూపుటకు చేసిన పని అని నాకు తోచదు. దుఃఖమునకు గట్టు లేదు. కవి దానికి అక్షరముల గట్టు వేసెను. మొదటి అక్షరమునుండి కడపటి అక్షరమువరకు చెప్పుకొనుటకు సెలవిచ్చి, అక్కడ ఆపి, మరల మొదలుపెట్టెను. దుఃఖించువారు చెప్పినదే చెప్పుచుందురు గదా! ఆ తిరిగి చెప్పుటకు పరిశుద్ధ గ్రంథములో చోటున్నది.

మరియొకటి గమనింపుడి. నిరీక్షణపు మాటలు గ్రంథాంతమున లేవు, నడుమనున్నవి. అవి చెప్పిన తరువాత కవి మరల ఏడ్చెను. ఇంకను రెండు గీతములు వ్రాసెను. దేవుడు ప్రత్యక్షమై ఉత్తరమిచ్చుటయు ఇందులో లేదు. కడపటి వచనము, దేవుడు మమ్మును బొత్తిగా విడిచెనా యను భయముతో ముగియును. యూదులు దీనిని ఆబు నెల 9వ దినమున సమాజమందిరములలో చదువుదురు. అయితే ఆ భయముతో ముగింపక, దాని ముందున్న ప్రార్థనావచనమును మరల చదివి ముగింతురు. కడపటి వచనమును వారు కొట్టివేయలేదు. దానిని చదివియే ప్రార్థనకు మరలుదురు. మనము నేర్చుకొనవలసిన పద్ధతి ఇది.

యోబు గ్రంథమును గూర్చియు మన అలవాటు ఇట్టిదే. మొదటి రెండు అధ్యాయములు చదివి, 42వ అధ్యాయమునకు దుముకుదుము. కథ వచనములో నున్నది, మొర పద్యములో నున్నది. కథను ఉంచుకొని మొరను విడిచితిమి. నడుమనున్న 39 అధ్యాయములను విడిచినవాడు, యోబు స్నేహితులు ఆడిన మాటలనే తాను చావు ఇంట ఆడుచున్నాడని ఎట్లు తెలిసికొనును? వారు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతవరకు మంచి స్నేహితులు. నోరు తెరచిన తరువాతనే తప్పిరి. దేవుడు కడకు కోపపడినది మొరపెట్టినవానిమీద కాదు, దేవుని పక్షమున వాదించినవారిమీద. ఈ సంగతి చదివిననాడు, ఆదరణ కూటములో నేను చేసిన బోధ జ్ఞాపకమువచ్చి సిగ్గుపడితిని.

మన తెలుగులోను ఇట్టి రచన కలదు. జాషువ కవిగారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెనని మనము గర్వముగా చెప్పుకొందుము. కాని 1941లో వెలువడిన ఆయన 'గబ్బిలము'ను మన ఇండ్లలో చదువువారు కొద్దిమంది. పద్యమనియు, అందలి మొర కాశీ విశ్వేశ్వరునికి పంపబడినదనియు విడిచిపెట్టుదుము. అంటరానివాడని గుడి వాకిట నిలిపివేయబడిన పేదవాడొకడు, గుడిలోనికి అడ్డులేక పోగల గబ్బిలముతో తన దుఃఖమును చెప్పిపంపును. అందలి దేవతారాధన మనది కాదు. అయినను ఆ వాకిట నిలిచినవారు మన తాతలు. తన దుఃఖమును దాచక, దానికి ఛందస్సు కట్టి, పైవానికి వినిపింపవచ్చునని ఆ కావ్యము నేర్పును. దానిని వినగలిగిన చెవికి విలాపవాక్యములు పరాయివిగా తోచవు.

నేను ఆ తల్లి ఇంటికి మరల వెళ్లితిని. ఈసారి బోధింపలేదు. చాపమీద కూర్చుండి విలాపవాక్యములు మొదటి రెండు అధ్యాయములు నెమ్మదిగా చదివితిని. ఆమె ఏడ్చెను, నేను ఆపలేదు. ముగించిన తరువాత ఆమె అడిగెను: "ఇదంతా బైబిల్లోనే ఉందా అండీ? మరి మాకెప్పుడూ చదివి వినిపించలేదే?"

కాపరులారా, సంఘపెద్దలారా, ఆ ప్రశ్న మనందరిది. ఈ గ్రంథమంతయు కలిసి 154 వచనములే. ఒక సాయంకాలము కుటుంబమంతయు కూర్చుండి, బిగ్గరగా, వివరణ చేయక చదువుడి. ఇంట చావు రాకముందే చదువుడి. వచ్చిననాడు ఆ మాటలు నోటికి అందును. ప్రభువు సిలువపై తన వేదనను పలుకుటకు 22వ కీర్తనలోని మొరను తీసికొనెను. ఆయన ఎరిగియున్న ఆ పుటలను మనము మూసియుంచవచ్చునా?