విద్యుత్ సైకిలు బాటరీ: చీటీ చెప్పని సంగతులు

విద్యుత్ సైకిలు ప్రకటనలలో పెద్ద అక్షరములతో కనిపించునది ఒకే సంఖ్య: ఒకసారి ఛార్జి చేసినచో బండి ఇన్ని కిలోమీటర్లు పోవునని. బాటరీకి అంటించిన చీటీపై వేరొక లెక్క ఉండును: 36 వోల్టులు, 10 ఆంపియర్-గంటలు అని. మొదటి సంఖ్యకు శాస్త్రదృష్టిలో విలువ స్వల్పము. రెండవది విలువైనదే గాని అసంపూర్ణము. ఈ రెండు మాటలను ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రముతోనే ఋజువు చేయవచ్చును.

వోల్టులను ఆంపియర్-గంటలతో గుణించినచో బాటరీలో నిలువయుండు శక్తి వాట్-గంటలలో వచ్చును. పై బాటరీలో 360 వాట్-గంటలు కలవు. 48 వోల్టులు, 7.5 ఆంపియర్-గంటలు గల బాటరీలోను సరిగా అంతే శక్తి కలదు. కాబట్టి వోల్టులు ఎక్కువైనంత మాత్రమున శక్తి ఎక్కువని తలచుట పొరపాటు.

ఇక ఆ శక్తి ఎంత దూరమునకు వచ్చును? సైకిలు, మనిషి కలిసి 100 కిలోగ్రాములని, వేగము గంటకు 25 కిలోమీటర్లని, తొక్కుట లేదని అనుకొన్నచో, చదునైన రోడ్డుపై చక్రముల దొర్లుడు ఘర్షణ సుమారు 8 న్యూటనులు, గాలి నిరోధము సుమారు 17 న్యూటనులు ఉండును. మొత్తము 25 న్యూటనులు. ఒక కిలోమీటరుకు చేయవలసిన పని 25,000 జౌలులు, అనగా సుమారు 7 వాట్-గంటలు. మోటారు దక్షత నూటికి 75 అయినచో బాటరీనుండి 9 వాట్-గంటలకు పైగా తీసికొనవలెను.

వేగమును 15 కిలోమీటర్లకు తగ్గించినచో గాలి నిరోధము 6 న్యూటనులకు పడిపోవును. ఖర్చు కిలోమీటరుకు 5 వాట్-గంటల చిల్లర మాత్రమే. దీనికి భిన్నముగా, పట్టణపు వీధులలో కిలోమీటరుకు నాలుగు సార్లు ఆగి, తిరిగి 25 కిలోమీటర్ల వేగము అందుకొన్నచో ఖర్చు సుమారు 13 వాట్-గంటలగును. బాటరీని అడుగంటనీయక 300 వాట్-గంటలు వాడినచో మొదటి లెక్కన 32, రెండవ లెక్కన 58, మూడవ లెక్కన 23 కిలోమీటర్లు వచ్చును. 100 మీటర్ల ఎత్తుగల మెట్ట ఎక్కుటకే 36 వాట్-గంటలు, అనగా బాటరీలో పదవ వంతు, ఖర్చగును.

బాటరీ ఒక్కటే, జవాబులు మూడు. ఏ వేగమున, ఎంత బరువుతో, ఎట్టి రోడ్డుపై కొలిచిరో చెప్పని కిలోమీటర్ల సంఖ్య కొలత కాదు, ఆశ చూపుట మాత్రమే.

చీటీపై ఉన్న 36 వోల్టుల మాటకూడ సంపూర్ణము కాదు. నికెల్, మాంగనీసు, కోబాల్టు ఆక్సైడులు గల లిథియం ఘటము సగటు వోల్టేజి 3.6. ఇట్టివి పది శ్రేణిలో కలిపినచో 36 వోల్టులు. పూర్తిగా ఛార్జి అయినపుడు ఘటమునకు 4.2 చొప్పున 42 వోల్టులు. లిథియం ఇనుప ఫాస్ఫేటు ఘటము సగటు వోల్టేజి 3.2. ఇవి పన్నెండు కలిపినచో 38.4 వోల్టులు వచ్చును. దీనినికూడ 36 వోల్టుల బాటరీ అనియే అమ్ముదురు. దీని ఛార్జరు 43.8 వోల్టులది. ఈ ఛార్జరును పొరపాటున మొదటి బాటరీకి తగిలించినచో ఒక్కొక్క ఘటముపై 4.38 వోల్టులు పడును. అది హద్దు మీరిన ఛార్జి. దానివలన ఘటము చెడును, వేడెక్కి అంటుకొనవచ్చును. చీటీపై పేరు ఒక్కటే అయినను లోపలి రసాయనము వేరు.

ఈ రెండింటిలో ఏది మేలు? మొదటి రకము తేలిక. 2.5 ఆంపియర్-గంటల చిన్న ఘటములు నలభై కలిపినచో 360 వాట్-గంటలు వచ్చును. ఆ ఘటముల బరువు రెండు కిలోగ్రాములకు లోపే. ఫాస్ఫేటు రకము అంతే శక్తికి ఎక్కువ బరువు తూగును. కాని అందులో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా బంధింపబడియుండుటచే వేడికి సులభముగా విడివడదు. కనుక అది అంటుకొనుట అరుదు, మన్నిక అధికము. ప్రతిదినము ఎండలో తిరుగు బండికి, ఒకటి రెండు కిలోగ్రాముల బరువు కంటె ఈ గుణమే ముఖ్యము.

ఘటములు మంచివైనను కూర్పు చెడినచో ఫలము లేదు. 250 వాట్ల మోటారు 36 వోల్టులపై సుమారు 7 ఆంపియర్లు లాగును. నాలుగు ఘటములు సమాంతరముగా ఉన్నచో ఒక్కొక్కదానికి 1.75 ఆంపియర్లు వచ్చును. ఒకదాని అతుకు ఊడినచో మిగిలిన మూడు ఆ భారము మోయవలెను. వేడి ప్రవాహపు వర్గమునుబట్టి పెరుగును గనుక ఒక్కొక్క ఘటములో అది దాదాపు 1.8 రెట్లగును. ప్రతి వరుస వోల్టేజిని, ఉష్ణోగ్రతను, ప్రవాహమును కనిపెట్టి, హద్దు దాటగనే వలయమును తెంచు రక్షణ సాధనము ఇందుకే అవసరము. దీనినే వ్యాపారులు బి.ఎం.ఎస్. అందురు. ఇది లేని బాటరీ ఎంత చవుకైనను కొనదగదు. పాత ఘటములను ఏరి కట్టిన బాటరీయు అట్టిదే.

ఇది కేవలము లెక్కల వాదము కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోను, విజయవాడలోను, ఇండ్లలో ఛార్జికి పెట్టిన విద్యుత్ స్కూటర్ల బాటరీలు పేలి మనుషులు మరణించిరి. న్యూయార్క్ నగరములో 2023లో లిథియం బాటరీల అగ్నిప్రమాదములలో 18 మంది చనిపోయిరి. ఆ సంవత్సరము సెప్టెంబరునుండి పరీక్షకు నిలిచి ధ్రువపత్రము పొందని సైకిలు బాటరీల అమ్మకమును అచట నిషేధించిరి. మన దేశములో 2022 ప్రమాదముల పిమ్మట స్కూటర్ల బాటరీల నిబంధనలను కఠినము చేసిరి. కాని 250 వాట్లకు, 25 కిలోమీటర్ల వేగమునకు లోబడిన తొక్కుడు విద్యుత్ సైకిలు మోటారు వాహనముల లెక్కలోనికి రాదు. కనుక ఇచట కొనువాని విచారణకు ప్రాధాన్యము హెచ్చు.

బాటరీ చీటీపై ఉండవలసినవి ఇవి: వాట్-గంటలు, ఘటముల రసాయనము, శ్రేణిలో ఎన్ని, సమాంతరముగా ఎన్ని, నిరంతరము తీసికొనదగిన ప్రవాహము, ఛార్జరు వోల్టేజి, తయారైన నెల, పరీక్షా ధ్రువపత్రము. ఇవి చెప్పలేని అంగడివాని కిలోమీటర్లను నమ్మరాదు. కొన్న పిమ్మట, దానికి నిర్ణయించిన ఛార్జరునే వాడవలెను. తిరిగి వచ్చిన వెంటనే కాక చల్లారిన తరువాత ఛార్జి చేయవలెను. చాలా ఘటములకు ఛార్జి వేళ హద్దు 45 డిగ్రీల సెంటిగ్రేడు. రెంటచింతల వంటి చోట్ల వేసవిలో నీడలోని గాలియే ఆ హద్దును దాటిన దినములు కలవు. పడకగదిలో, బయటికి పోవు దారిలో ఛార్జికి పెట్టరాదు.

ఓమ్ నియమము, పని, శక్తి అను పాఠములు చెప్పునపుడు ఉపాధ్యాయులు ఒక సైకిలు బాటరీ చీటీని నల్లబల్లపై వ్రాసి, పై లెక్కలను విద్యార్థులచే చేయింపవచ్చును. ప్రకటనలోని సంఖ్యను నిలదీయ నేర్చిన విద్యార్థి ఇంటికి ప్రమాదమును తెచ్చుకొనడు.