వాన్ గో చిత్రములు - వాని వెనుకనున్న కుటుంబము

ప్రసిద్ధ చిత్రకారుల జీవితములు చెప్పబూనినవారు వారి కళకంటె వారి వెర్రినే యెక్కువ వేడుకతో వర్ణింతురు. హాలండు దేశీయుడగు విన్సెంట్ వాన్ గో విషయమున నీ వేడుక మితిమీరినది. అతడు 1888లో తన చెవి కోసికొనెనని యెల్లరు నెరుగుదురు. అతనికి రంగులును, అన్నమును సమకూర్చిన వారెవరని యడిగినచో బదులు చెప్పువారు కొలదిమందియే.

1853లో పుట్టిన విన్సెంటు గుమాస్తాగను, బడిపంతులుగను, గనికూలీల నడుమ మతబోధకుడుగను పనిచేసి, యెందును నిలువలేక, 1880లో చిత్రలేఖనమును చేపట్టెను. నాటినుండి మరణపర్యంత మతనిని పోషించినవాడు తమ్ముడు థియో. పారిసు నగరమున చిత్రముల నమ్ము వర్తకశాలలో నుద్యోగియైన థియో తన సంపాదనలోనుండి నెలనెల సొమ్ము పంపుచుండెను. 1884 మొదలు విన్సెంటు తన చిత్రములను తమ్మునికిచ్చి, యా సొమ్మును వానికి వెలగా నెంచుకొనెను. ఈ యేర్పాటువలన సాయము పొందినవాని గౌరవము నిలిచినది.

ఈ సాయము సులభమైనది కాదు. 1886 మొదలు 1888 వరకు అన్నను తన యింట నుంచుకొన్న థియో, ఆ సహవాసము దుర్భరముగా నున్నదని చెల్లెలికి వ్రాసెను. ఐనను సొమ్ము పంపుట మానలేదు.

ఉన్మాదమే యాతని ప్రతిభకు మూలమను వాదము నిలువదు. 1885లో వ్రాసిన "బంగాళాదుంపలు తినువారు" అను చిత్రమున నైదుగురు దీపము క్రింద భుజించుచుందురు. నేలను త్రవ్విన చేతులే పళ్లెమునందుకొనుచున్నవని చూపుటకై యా చేతుల నంత మోటుగా దిద్దెను. ఇది యెంతయో యభ్యాసము, ఆలోచన చేసినవాని పని. తరువాత చిత్తవ్యాధి ముదిరినపుడు పని తరచుగా నిలిచిపోయెడిది. తెరపి దొరికిన దినములందే కుంచె సాగెడిది. 1890 జనవరిలో థియోకు కుమారుడు కలిగి, పెదతండ్రి పేరే పెట్టబడెను. అపుడు చికిత్సాలయమున నున్న విన్సెంటు ఆ శిశువు కొరకు నీలాకాశము మీద తెల్లని బాదముపూల కొమ్మలు వ్రాసెను. అందు భ్రాంతి లేదు, వాత్సల్యమున్నది.

ఆ జులైలో విన్సెంటు తుపాకిగాయముతో మరణించెను. ఆరునెలలకు, 1891 జనవరిలో, థియోయు గతించెను. అతని భార్య జొహానా యిరువదియెనిమిదేండ్ల వయసున, ఏడాది నిండని బిడ్డతోను, నాడు వెలలేని వందలకొలది చిత్రములతోను మిగిలెను. ఆమె పూటకూళ్లయిల్లు నడపి, గ్రంథములు భాషాంతరీకరించి జీవించుచు, చిత్రములను ప్రదర్శనములకు పంపుచుండెను. 1901లో పునర్వివాహము చేసికొన్నను ఆ బాధ్యతను విడువలేదు. 1905లో ఆమ్‌స్టర్డాములో నాలుగువందలకు పైబడిన కృతులతో మహాప్రదర్శనము జరిపించెను. 1914లో అన్నదమ్ముల లేఖలను ప్రకటించెను. ఆ కీర్తి యిట్లు నిర్మింపబడినది.

మన యిండ్లలోను చిత్తవ్యాధితో బాధపడు ప్రతిభావంతులుందురు. వారిని దాచిపెట్టుటయు, దైవాంశగా కొనియాడుటయు రెండును ఉపేక్షయే. వారికి కావలసినది పనియు, వైద్యమును, విసుగు కలిగినను చేయి విడువని యొక మనుష్యుడును. వాన్ గో చిత్రములను మెచ్చువారు థియోను, జొహానాను కూడ ఆ చరిత్రలో చేర్చి చెప్పుట న్యాయము.