మదనపల్లెలో కాగితమెక్కిన బాణీ

విన్న పాటను స్వరాల్లో రాసిపెట్టడం ఎంత కష్టమో వయొలిన్ నేర్చుకునే రోజుల్లో తెలిసింది. గొంతులో సులువుగా పలికే గమకం కలం దగ్గరికి వచ్చేసరికి చిక్కదు. రిషభం మీద నిలిచిందా, గాంధారాన్ని తాకి వచ్చిందా? మళ్ళీ పాడించుకోవాలి, మళ్ళీ వినాలి. అందుకే హార్స్లీ హిల్స్ ఎక్కే ముందు మదనపల్లెలో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ దగ్గర ఆగుతుంటాను.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడ బస చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ కోరగా ఒక సాయంత్రం విద్యార్థుల మధ్య జనగణమన పాడారు. వింటున్నవాళ్ళు పల్లవి అందుకున్నారు. 28వ తేదీన దాన్ని ఇంగ్లీషులోకి మార్చి సొంత దస్తూరీతో రాశారు. ఆ ప్రతి గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం జేమ్స్ గారి భార్య మార్గరెట్ చేసిన పని అంతకన్నా పెద్దదనిపిస్తుంది. ఆ బాణీకి స్వరలిపి కట్టింది ఆమే.

ఆమె ఐర్లండులో 1878లో పుట్టారు. డబ్లిన్‌లో సంగీతం చదివి 1902లో పట్టా పుచ్చుకున్నారు, పియానో బాగా వాయించేవారు. ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం లండన్ హాలోవే జైలుకు వెళ్ళారు. 1915లో మన దేశానికి వచ్చారు. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టుకలో ఆమె చెయ్యి ఉంది.

పియానోలో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జారే దారి లేదు. ఠాగూర్ గొంతులోని జారులను అయిదు గీతల మీదికి ఎక్కించాలంటే ఏది ఉంచాలో, ఏది వదలాలో చెవే తేల్చుకోవాలి. మన లిపిలో ఈ పని అప్పటికే జరిగింది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చు వేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు అక్షరాల్లోనే రాసి, గమకానికో గుర్తు పెట్టారు. ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండు వందలకు పైగా మనకు నికరంగా దక్కాయంటే ఆ శ్రమే కారణం. పడమటి లిపిలో గమకం అంతగా నిలవదు, నిజమే. కానీ బెంగాలీ రానివాళ్ళూ ఠాగూర్ గొంతు ఎన్నడూ విననివాళ్ళూ ఒకే తీరుగా పాడాలంటే, బ్యాండు వాయించాలంటే అటువంటి రాత ఉండి తీరాలి. 1950 జనవరి 24న జాతీయ గీతమైన ఆ పాటను ఇప్పుడు దాదాపు 52 సెకన్లలో దేశమంతా ఒకే నడకలో ముగిస్తోంది.

మన సంగీతం క్లాసుల్లో వర్ణాలు వల్లె వేయిస్తున్నాం గానీ, విన్నది రాయమని పిల్లల్ని అడగడం లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం బడుల్లో వారానికో పాట వినిపించి స్వరాలు రాయించాలి. మొదట ఇంట్లో అవ్వ పాడే పాటతోనే మొదలుపెట్టవచ్చు. ఆ పాటల్లో చాలావాటికి ఇంకా ఏ లిపీ లేదు.