ఇంటిపేరు కీలు

ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం వైపు పోయే దారిలో డాక్టర్ల బోర్డులు, వకీళ్ళ బోర్డులు, ఫంక్షన్‌హాళ్ళ ముందు కట్టిన పెళ్ళి ఫ్లెక్సీలు చదువుకుంటూ పోతే రెండు తెలుగు రాష్ట్రాల గ్రామాల పట్టిక సగం అక్కడే తగులుతుంది. రావూరి, గరికపాటి, కొండవీటి, ఓరుగంటి. బతుకుదెరువుకో, చదువుకో వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్ళు తమ వెంట తెచ్చుకున్న ఊళ్ళవి. కొద్ది అక్షరాల్లో ఊరిని ఇంత పొందిగ్గా మోసుకొచ్చే పనితనం తెలుగు ఇంటిపేరుది. దీన్ని చేసినవాళ్ళెవరూ సంతకం పెట్టుకోలేదు. అయినా పని మాత్రం పేరున్న శిల్పి పనిలా తేరిపార చూడదగ్గది.

పనితనమంతా పేరు చివర ఉంటుంది. రావూరు అన్నది ఊరు. రావూరి అన్నది ఆ ఊరికి చెందిన ఇల్లు. మారింది ఒక్క అచ్చు. ఉకారం పోయి ఇకారం వచ్చింది, ఊరు ఇంటిపేరైంది. నండూరి, కందుకూరి, చిలుకూరి అన్నీ ఇదే తీరు. ఊరు ‘పాడు’తో ముగిస్తే ‘పాటి’ అవుతుంది: గరికపాడు గరికపాటి, నూతలపాడు నూతలపాటి. ‘వీడు’తో ముగిస్తే ‘వీటి’: కొండవీడు కొండవీటి. మనం రోజూ ‘ఊరి పెద్ద’, ‘ఏటి నీళ్ళు’, ‘ఇంటి తాళం’, ‘నూతి గట్టు’ అంటామే, ఆ వాడుకే ఇది. వ్యాకరణం వీటిని ఔపవిభక్తికాలు అంది. ఇ, టి, తి అనే మూడు గుర్తులను చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సూత్రీకరించాడు. ఆయన సూత్రం రాయడానికి కొన్ని వందల ఏళ్ళ ముందు నుంచే ఇళ్ళకు పేర్లు ఆ లెక్కనే కుదురుతూ వచ్చాయి. బడి ముఖం చూడని రైతు కూడా తన ఊరికి ఏ గుర్తు తగులుతుందో తప్పకుండా తగిలించాడు. పాడుకు ‘పాడి’ అనలేదు, ఊరుకు ‘ఊటి’ అనలేదు.

ఈ కీలులో నాకు అన్నిటికంటే నచ్చేది అది సంబంధాన్ని చెప్పే దిక్కు. రావూరి అన్నప్పుడు ఊరు ఇంటిది కాలేదు, ఇల్లే ఊరిదైంది. మనిషి ఎంత దూరం పోయినా, ఎంత పెద్దవాడైనా ఆ చిన్న ‘ఇ’ అతణ్ణి ఆ ఊరివాడిగానే నిలబెడుతుంది.

ఊరిపేరు పల్లి, వాడ, కొండ, గడ్డ లాంటి మాటలతో ముగిస్తే ఏ గుర్తూ అక్కరలేదు. ఆ మాటలు షష్ఠిలోనూ మారవు కాబట్టి ఊరు ఊరుగానే ఇంటిపేరవుతుంది: తాడేపల్లి, వేములవాడ, రాచకొండ. సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణిలో పుట్టారు. పూర్వులు విడిచి వచ్చిన నెల్లూరు సీమ సర్వేపల్లి ఆయన పేరులో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. మన మొదటి తెలుగు ప్రధాని పేరు ముందు ‘పి’ అన్న ఒక్క పొడి అక్షరంలో పాములపర్తి అంతా ఇమిడి ఉంది.

మనిషి పేరు నుంచి వచ్చిన ఇంటిపేరుకు కీలు వేరు. రాముడు రాముని అయినట్టే నాయుడు నాయని అయింది, అది నోట్లో నలిగి ‘నేని’గా తేలింది. అక్కినేని అంటే అక్కి నాయని ఇల్లు. ఇక్కడే నాచారంలో ఎన్టీఆర్ కట్టుకున్న రామకృష్ణా హార్టికల్చరల్ స్టూడియో ఉంది. ఆయన నందమూరి, అంటే ఊరు మీద నిలిచిన పేరు. తెరమీద ఆయనకు సరిజోడు అక్కినేని, అంటే మనిషి మీద నిలిచిన పేరు. వాళ్ళ చరిత్ర తెలియకపోయినా సరే, పేరు చివర ‘రి’ ఉందా, ‘ని’ ఉందా అన్నది చూస్తే చాలు, మూలం ఊరో మనిషో తెలిసిపోతుంది. ఇంత చిన్న చోట ఇంత సమాచారం పొదిగిన పద్ధతి ఇంకెక్కడైనా ఉంటుందా అని నాకు ప్రతిసారీ అబ్బురమే.

ఇక ఓరుగంటి. దీని దగ్గర కాస్త ఆగాలి. ఇల్లు ఇంటి అయినట్టు, విల్లు వింటి అయినట్టు, వాకిలి వాకిటి అయినట్టు, ఓరుగల్లు ఓరుగంటి అవుతుంది. కాకతీయుల రాజధాని పేరు ఇప్పుడు రైల్వే స్టేషన్ బోర్డు మీద వరంగల్. ఆ ‘వరంగల్’ అన్న రూపం నుంచి ఎంత తిప్పలు పడ్డా ‘గంటి’ రాదు. ఈ ఊరి పేరు చివర ‘ల్లు’ ఉంటేనే ‘ంటి’ వస్తుంది. అంటే ఊరిని జనం ఓరుగల్లు అని నిండుగా పిలుచుకున్న రోజుల్లోనే ఈ ఇంటిపేరు తయారైందన్నమాట. తరవాత పాలన మారింది, పలుకు మారింది, రాత మారింది, ఊరి పేరు మొదలూ చివరా కూడా అరిగింది. ఇంటిపేరు మాత్రం పాత ఊరిని దాచిపెట్టుకుని కోస్తా జిల్లాల దాకా నడిచింది. కోటగోడ రాళ్ళు ఎంత సాక్ష్యమో ఆ సున్నా, ఆ ‘టి’ అంత సాక్ష్యం.

పాల్కురికి సోమనాథుడి పేరూ ఇలాంటిదే. జనగామ సీమలో ఆ ఊరిని ఇవాళ పాలకుర్తి అంటున్నాం. పదమూడో శతాబ్దపు కవి పేరు ముందు అది పాల్కురికిగానే ఉంది. దానికి దాపులోనే బమ్మెర. పోతన పేరు ముందు నిలిచిన ఆ ఊరు ఇప్పటికీ బమ్మెరే.

మరి ఉప్పల్ సంగతి? రెవెన్యూ దస్తరాల్లో ఇది ఉప్పల్ కలాన్, ఉప్పల్ ఖాల్సా, ఉప్పల్ భగాయత్. కలాన్ అంటే ఫారసీలో పెద్దది. పక్కనే బోడుప్పల్. దస్తరంలో ఉప్పల్ చివర ఎప్పుడూ ‘ల్’ అనే పొల్లు. ఇంటిపేర్లలో చూస్తే అచ్చుతో నిండైన ‘ఉప్పల’. మాస్కోలో కూర్చుని రష్యన్ సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చిన, ‘అతడు-ఆమె’ నవల రాసిన ఉప్పల లక్ష్మణరావుది ఆ రూపమే. ఆయన పుట్టింది బరంపురంలో. గుంటూరు దగ్గర పక్షులు వాలే ఉప్పలపాడు ఉంది. దాని అచ్చులోనిదే సినీనటుడు కృష్ణంరాజు ఇంటిపేరు ఉప్పలపాటి. కృష్ణా జిల్లాలో కంకిపాడు పక్కన ఉప్పలూరు ఉంది. యు.జి. కృష్ణమూర్తి పేరులోని ‘యు’ విప్పితే ఉప్పలూరి వస్తుంది. ఒక్క మూలానికి మూడు రూపాలు: వట్టి ఉప్పల, పాడు తగిలిన ఉప్పలపాటి, ఊరు తగిలిన ఉప్పలూరి. వీళ్ళంతా మన మెట్రో స్టేషన్ ఉన్న ఉప్పల్ నుంచి పోయినవాళ్ళని నేననడం లేదు. ఒకే పేరున్న ఊళ్ళు తెలుగునేల మీద ఎన్నో ఉంటాయి, అందుకే ఒకే ఇంటిపేరు ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇళ్ళలో, వేర్వేరు కులాల్లో కనిపిస్తుంది.

స్కాట్లాండ్‌లో ఇంటిపేర్ల చరిత్ర రాసేవాళ్ళకు ఈ చిక్కు ఇంతగా ఉండదు. అక్కడ అరుదైన ఇంటిపేరు తరచు ఒక్క లోయకో, ఒక్క దీవికో కట్టుబడి ఉంటుంది. 1855 నుంచి జనన మరణాలు, పెళ్ళిళ్ళు సర్కారు రిజిస్టర్లలోకి ఎక్కాయి కాబట్టి ఏ పేరు ఏ పరగణాలో ఎంత ఉందో వరసగా చూసుకోవచ్చు. మనకు ఆ సదుపాయం లేదు. మనకున్నది కీలు. రిజిస్టరు చెప్పలేనిదాన్ని ఆ ‘టి’, ఆ ‘రి’, ఆ ‘ని’ చెబుతాయి.

స్కాట్లాండ్ మాట ఊరికే ఎత్తలేదు. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. ఆ శాఖకు 1815లో మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ స్కాట్లాండ్ పడమటి దీవుల్లోని స్టోర్నవేలో పుట్టినవాడు. మెకంజీ అన్న ఇంటిపేరు గేలిక్‌లో కెన్నెత్ కొడుకు అని చెప్పే పేరు, మన ‘నేని’ లాగే మనిషి మీద నిలిచింది. అందులోని ‘జ’ అసలు జకారమే కాదు. పాత స్కాట్ రాతలో యకారానికి దగ్గరగా పలికే ఒక అక్షరం ఉండేది. అచ్చుయంత్రాల్లో ఆ అచ్చు లేక, చూపుకు దగ్గరగా ఉన్న ‘జడ్’ను పెట్టారు, ఆ తరవాత జనం దాన్నే పలకడం నేర్చుకున్నారు. అచ్చు లేక పేరు మారడం మనకూ తెలిసిందే. ళకారం, ణకారం, దీర్ఘాలు ఇంగ్లీషు స్పెల్లింగులో పోగొట్టుకున్న ఇంటిపేర్లు ప్రతి పాస్‌పోర్టులోనూ ఉన్నాయి.

ఆ మెకంజీకి కుడిభుజంగా నిలిచినవాళ్ళు కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఊరూరి కరణాల దగ్గర కవిలెలు, శాసనాలు, నోటిమాటలు సేకరించి, సేకరింపించి కైఫీయతులు రాయించారు. ఏ ఊరు ఎవరు కట్టించారు, ఏ చెరువు ఎవరు తవ్వించారు, పేరు ఎట్లా వచ్చింది అన్నది ఆ కాగితాల్లో ఊరివాళ్ళ మాటల్లోనే ఉంటుంది. ఇంటిపేరుకు మూలం వెతికేవాళ్ళకు ఇంతకు మించిన దారి లేదు. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ళ పేర్లను పరిశోధనాంశంగా తీసుకుని డాక్టరేట్ చేశారు. కథకుడిగా ఆయనను చదివినవాళ్ళు ఆ పనిని కూడా చదవాలని నా కోరిక.

ఇంకో స్కాట్ ఇంటిపేరు తెలుగునేల మీద మరో రూపం ఎత్తింది. గ్లాస్గోలో పుట్టి 1800 నుంచి దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన థామస్ మన్రో మీది అభిమానంతో రాయలసీమ రైతులు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ దేశంలో అది ఇంటిపేరు. ఇక్కడ ‘అప్ప’ తగిలించుకుని పిల్లవాడి పేరైంది. పరాయి మాటను కూడా తన కొలతకు చెక్కుకునే చేయి ఇది.

తెలంగాణలో వడ్ల, కమ్మరి, కంసాలి ఇళ్ళలో వినిపించే ‘ఓజు’ కూడా చెప్పుకోదగ్గ పనే: కాసోజు, శ్రీరామోజు, దాసోజు. ఓజు అంటే ఒజ్జ, ఉపాధ్యాయుడు. చేతిపనిలో గురువు అని పేరులోనే గౌరవం. పన్నెండో శతాబ్దంలో బేలూరు చెన్నకేశవాలయం శిల్పాల కింద బళ్ళిగావె నుంచి వచ్చిన దాసోజ, అతని కొడుకు చావణ తమ పేర్లు చెక్కుకున్నారు. ఆ దాసోజ ఇవాళ్టి ఏ ఇంటి పూర్వుడో అన్నది కాదు నా మాట. తొమ్మిది వందల ఏళ్ళ కింద రాతి మీద ఉన్న బిరుదు ఇప్పటికీ మన ఇళ్ళ గడపల మీద పలుకుతోందన్నదే నా ఆనందం.

నాచారం లాంటి ఊళ్ళ సంగతి ఇంకా మిగిలింది. నగరానికి ఈ తూర్పు దిక్కునే నాచారం, నాగారం, పోచారం ఉన్నాయి. ఇలా ‘అం’తో ముగిసే పేర్లకు కోస్తాలో ‘పు’ చేరుతుంది: అన్నవరపు, పోలవరపు, మల్లవరపు. వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి పేరు విన్నాం. తెలంగాణలో పేరును ఉన్నదున్నట్టు నిలిపిన సందర్భాలు ఉన్నాయి. 1934లో 354 మంది కవులను ‘గోలకొండ కవుల సంచిక’లో ఒకచోట చేర్చిన సురవరం ప్రతాపరెడ్డి ‘సురవరపు’ కాలేదు. ఆ సంచికలో కవుల ఇంటిపేర్లు మాత్రమే చదువుకుంటూ పోయినా ఒక పూట హాయిగా గడుస్తుంది.

ఈ పని పాతకాలంతో ఆగిపోలేదు కూడా. తెలంగాణ శాసనసభకు 2019 నుంచి 2023 దాకా స్పీకరుగా ఉన్న శ్రీనివాసరెడ్డి ఇంటిపేరు పరిగె. బాన్సువాడ దగ్గరి సొంత ఊరు పోచారం పేరు ముందుకొచ్చి, జనం నోట ఆయన పోచారం శ్రీనివాసరెడ్డి అయిపోయారు. అసలు ఇంటిపేరు పక్కకు జరిగి ఊరు ఆ చోట కూర్చోవడం మన కళ్ళముందే జరిగింది. వెనకటి ఇంటిపేర్లలో ఎన్నో ఇలాగే పుట్టి ఉంటాయి: ఒక ఊరి నుంచి మనిషి బయటికి వస్తాడు, పక్క ఊరివాళ్ళు అతణ్ణి ఆ ఊరి పేరుతో పిలుస్తారు, కొడుకులకూ మనవలకూ అదే నిలుస్తుంది. సొంత ఊళ్ళో ఉన్నన్నాళ్ళు ఆ పేరుతో పని పడదు. ఊరు విడిచాకే ఊరు ఇంటిపేరవుతుంది. అందుకే ఇంటిపేరు ఊళ్ళోనే ఆ ఇంటిపేరువాళ్ళు కనబడకపోవడం మనకు తరచు ఎదురవుతుంది.

మీ ఇంటిపేరు చివర ‘టి’ ఉంటే దాన్ని తీసి ‘డు’ పెట్టి చూడండి. కుదరకపోతే ‘ంటి’ తీసి ‘ల్లు’ పెట్టండి. ‘రి’ ఉంటే ‘రు’, ‘పు’ ఉంటే సున్నా. వచ్చిన మాటను జనగణన గ్రామాల పట్టికలో వెతకండి, తరవాత సర్వే ఆఫ్ ఇండియా వారి యాభై వేలకు ఒకటి స్కేలు పటం తెరవండి. ఒకే పేరుతో మూడు నాలుగు ఊళ్ళు తగిలితే కంగారు వద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు మొక్కు తీర్చుకునే ఇలవేల్పు గుడి ఎక్కడుందో, పాత పెళ్ళి సంబంధాలు ఏ దిక్కు నుంచి వచ్చాయో అమ్మమ్మనో, పెద్దనాన్ననో అడిగి, ఆ దిక్కున ఉన్న ఊరిని ముందు చూడండి.