అద్దం నాలుగు వేళ్ళు పైకి

పోయిన ఆదివారం హైదరాబాదులో ఓ టిఫిన్ సెంటర్‌కి వెళ్ళాను. పేరెందుకు లెండి. పెసరట్టు సగంలో ఉండగానే బిల్లు కాయితం తెచ్చి పళ్ళెం కింద దోపాడు. నా కుర్చీ వెనక ఇద్దరు నిలబడి నేను ఎన్ని ముద్దలు మిగిల్చానో లెక్కపెడుతున్నారు. చట్నీలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా తెలియకుండా మింగేసి బయటపడ్డాను. మెట్లు దిగుతుంటే మద్రాసు వుడ్‌ల్యాండ్స్ కృష్ణారావుగారు గుర్తొచ్చారు.

ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆయన కాఫీ మాత్రం చాలా తాగాను.

కె. కృష్ణారావుగారిది దక్షిణ కెనరాలో కడందలె అనే పల్లె. 1898లో పుట్టారు. మద్రాసు చేరి, హోటలు వంటింటి చాకిరీతో మొదలుపెట్టి, సొంత హోటళ్ళ దాకా వచ్చారు. 1938లో రాయపేటలో ఓ పెద్ద బంగళా తీసుకుని హోటలు పెట్టారు. ఆ బంగళా పేరే వుడ్‌ల్యాండ్స్. ఆ తర్వాత పెట్టినవాటికీ అదే తగిలించారు కాబట్టి, అక్షరాలా ఇంటిపేరు అన్నమాట. 1952లో మైలాపూరులో న్యూ వుడ్‌ల్యాండ్స్ వచ్చింది. మసాలా దోసెని కనిపెట్టింది ఈయనేనని మద్రాసులో కొందరు గట్టిగా చెబుతారు. ఆ మాట ఉడిపిలో అంటే కొట్లాటకొస్తారేమో, నేను ఆ గొడవలోకి వెళ్ళను. మిగిలిపోయిన బంగాళాదుంప కూరని అట్టులో పెట్టుకోవాలని ఆకలి వేసిన ఏ వంటవాడికైనా తోచి ఉంటుంది.

నాకు ముఖ్యమైంది 1962. ఆ ఏడు ఆయన కెథీడ్రల్ రోడ్డులో, అగ్రి-హార్టికల్చరల్ సొసైటీ వారి తోటలో డ్రైవ్-ఇన్ తెరిచారు. కార్లో కూర్చునే తినిపోవడం అమెరికా వాళ్ళ పద్ధతి. 1921లో డాలస్‌లో మొదలైంది. వాళ్ళకి అది తొందర కోసం. ఆ తొందర కూడా చాలక, 1948లో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు కార్ల దగ్గరికి ప్లేట్లు మోసే అమ్మాయిల్ని మాన్పించేసి, మీరే వచ్చి పట్టుకెళ్ళండన్నారు. అదే పద్ధతి మద్రాసు వచ్చి ఆ చెట్ల కింద పడేసరికి తిరగబడింది. ఊరంతటికీ తీరిగ్గా కూర్చునే చోటు అక్కడే దొరికింది.

నేను మొదటిసారి వెళ్ళింది 1979లో. పత్రికలో ఉద్యోగం కోసం మద్రాసు వచ్చి బాబాయి గదిలో దిగాను. బాబాయి తెలుగు సినిమాలకి ప్రొడక్షన్ మేనేజరు. సినిమా హైదరాబాదుకి తరలిపోతోందని అప్పటికే అందరూ అంటున్నారు గానీ కోడంబాకం ఇంకా తెలుగు మాట్లాడుతూనే ఉంది. కంపెనీ ఫియట్‌లో నన్నెక్కించుకుని, జెమినీ ఫ్లైఓవర్ దాటి, గేట్లోంచి లోపలికి తిప్పాడు. ఓ పెద్ద చెట్టు కింద ఆపాడు. నేను దిగబోయాను.

"ఒరేయ్, దిగకు. ముందు అద్దం మొత్తం దించు. ఇప్పుడు నాలుగు వేళ్ళు పైకి లేపు."

ఎందుకో అర్థం కాలేదు. కాసేపటికి సర్వరు వచ్చి, ఆ నాలుగు వేళ్ళ అద్దం అంచుకి ట్రే తగిలించి వెళ్ళాడు. దోసె, గిన్నెలో సాంబారు, డబరాలో కాఫీ. అద్దం మరీ కిందికుంటే ట్రేకి పట్టు దొరకదు, మరీ పైకుంటే చెయ్యి పట్టదు. ఆ కొలత కుదరని కొత్తవాళ్ళని సర్వర్లు దూరం నుంచే గుర్తుపట్టేవాళ్ళని బాబాయి నవ్వాడు.

ఆరోజు రెండు గంటలు కూర్చున్నాం. ఆ రెండు గంటల్లో బాబాయి ఒక కెమెరామన్‌కి అడ్వాన్సు ఇచ్చాడు, ఒక కమెడియన్ డేట్లు మార్పించాడు, ఎవరితోనో రాజీ పడ్డాడు. ఆఫీసుకి అద్దె కట్టడం కన్నా ఇది చవక అనేవాడు. ఇలాంటి లెక్క ఆయనొక్కడిదే కాదు. మెడికల్ రిప్రజెంటేటివులు సంచీలు పక్కన పెట్టుకుని రిపోర్టులు రాసుకుంటున్నారు. పక్క కార్లో ఎవరో కథ చెబుతున్నారు, వినేవాడు కళ్ళు మూసుకున్నాడు. నిద్రో, ఊహో తెలీలేదు. సర్వరు మా ఖాళీ డబరాలు తీసుకెళ్ళాడు. ఇంకేమైనా కావాలా అని ఒకసారి అడిగాడు, మళ్ళీ అడగలేదు.

"వంట ఎవడికైనా వస్తుందిరా," అన్నాడు బాబాయి. "తిన్నవాణ్ణి లేవమనకుండా ఉండటం రావాలి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడికి అది ప్రాణం మీదికొచ్చే పని."

నిజమే. హోటలు లెక్క అంతా బల్ల ఎన్నిసార్లు ఖాళీ అయిందనే దాని మీదే నడుస్తుంది. ఉడిపి హోటళ్ళు మన బస్టాండ్ల దగ్గర కూడా గెలిచింది ఆ చురుకుతోనే. నీళ్ళగ్లాసు పెట్టేలోపు ఇడ్లీ వచ్చేది. ఆ చురుకులో పుట్టి పెరిగిన మనిషి, అరవై దాటాక ఇలా లెక్కకి ఎదురు నడిచే చోటు తెరవడం నన్నిప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. తోట పెద్దది కాబట్టి సాగిందనొచ్చు. చోటు ఉన్నవాళ్ళందరూ ఇలా చేశారా మరి?

ఉద్యోగం వచ్చాక నేను సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి. డ్రైవ్-ఇన్‌కి సైకిలేమిటని మొదట సిగ్గుపడ్డాను. కార్లు లేనివాళ్ళకి లోపల సెల్ఫ్ సర్వీసు ఉండేది, ఎక్కువ జనం అక్కడే. ఇంకో మాట చెప్పాలి. 1957లో ట్రిప్లికేన్‌లో ఓ కాఫీ హోటలు బోర్డు మీది ‘బ్రాహ్మణ’ అనే మాట చెరిపించడానికి పెరియార్ మనుషులు రోజుల తరబడి పికెటింగ్ చేసి అరెస్టయ్యారు. దానికి అయిదేళ్ళ తర్వాత తెరిచిన ఈ తోటలో, ఎవరి కారు పక్కన ఎవరి కారు ఆగిందో అడిగినవాడు నాకు తగల్లేదు. కారు కొనగలిగినవాళ్ళలో అప్పుడు ఎవరెవరున్నారన్నది వేరే ప్రశ్న. సెల్ఫ్ సర్వీసు క్యూలో మాత్రం ఆ ప్రశ్న కూడా లేదు.

కృష్ణారావుగారు 1990లో పోయారు. తోట నేల ఆయనది కాదు, లీజు. ప్రభుత్వం వెనక్కి తీసుకుంది, 2008లో డ్రైవ్-ఇన్ మూతపడింది. 2010లో అక్కడ సెమ్మొళి పూంగా అనే పార్కు తెరిచారు. ఓసారి టికెట్టు కొనుక్కుని వెళ్ళాను. శుభ్రంగా ఉంది. పాత చెట్లు చాలా వరకు ఉంచారు. మేం కారు ఆపిన చెట్టు ఏదో పోల్చుకోవాలని చూశాను, ఓ బెంచీ మీద కూర్చున్నాను. కాఫీ లేకుండా అక్కడ కూర్చోవడం చేతకాలేదు. పది నిమిషాలకే లేచాను. ఎవరూ లేవమనలేదు.

బాబాయికి ఇప్పుడు ఎనభై ఆరు. హైదరాబాదులోనే ఉంటాడు. మొన్న ఆసుపత్రి నుంచి తీసుకొస్తుంటే దారిలో ఇడ్లీ అడిగాడు. మనవడు రోడ్డు పక్కన బండి దగ్గర కారు ఆపి కాయితం ప్లేటులో తెచ్చాడు. బాబాయి బటన్ నొక్కి అద్దం మొత్తం దించాడు. మళ్ళీ కాస్త పైకి లేపాడు.

"తాతా, అద్దం అడ్డొస్తోంది, దించు," అన్నాడు మనవడు, ప్లేటు పట్టుకుని బయటే నిలబడి.

బాబాయి దించలేదు.